తుప్పు పట్టిన కారు: బాగు చేయింతుమా, వదలుకొందుమా?

మా మిత్రులొకరు ఇటీవల ఉద్యోగ విరమణ చేసిరి. కాకినాడలో వారి పాత ఇంటి వెనుక, రేకుల పాకలో, వారి తండ్రిగారి అంబాసిడర్ కారు ఇరువది యేండ్లుగా నిలిచియున్నది. అది 1968లో కొన్న బండి. తండ్రిగారు వైద్యులు. రాత్రివేళ ఆ కారు హారను వినబడినచో, డాక్టరుగారు వచ్చిరని ఊరివారు లాంతరు పట్టుకొని ఎదురు వచ్చెడివారట. చేతికి వచ్చిన సొమ్ములో కొంత వ్యయపరచి ఆ బండిని మరల దారిపైకి తేవలెనని మిత్రుల కోరిక. రంగులు వేయు దుకాణదారుడొకడు నెల దినములలో క్రొత్త బండిని చేసి ఇత్తునని మాట కూడ ఇచ్చెను. "మీరేమందురు?" అని మిత్రులు మమ్ము అడిగిరి.

మాకు తెలిసినది స్వల్పము. అందుచే ఇట్టి బండ్లతోనే జీవితము గడపిన వృద్ధ మేస్త్రీ నొకరిని వెంటబెట్టుకొని వెళ్ళితిమి. ఇంటి ముందరో, తోటలోనో, బంధువుల పెరటిలోనో ఇట్టి కారు గలవారు మన శ్రోతలలో పలువురు ఉందురు. ఆనాడు మేము నేర్చుకొన్నది వారికి ఉపకరించునని చెప్పుచున్నాము.

మొదట తుప్పును గురించి రెండు మాటలు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కూడిన చోట తుప్పు పుట్టును. ఇది విద్యుద్రసాయనిక చర్య. నీటిలో ఉప్పు కలిసినచో విద్యుత్తు సులభముగ ప్రవహించును గనుక ఆ చర్య వేగము హెచ్చును. సముద్రపు గాలి సోకు కాకినాడ, మచిలీపట్నము, విశాఖపట్నముల బండి ఒకటి, పొడిగాలి వీచు కర్నూలు బండి ఒకటి ఒకే యేడు పుట్టినను ఒకే వయసువి కావు. అల్యూమినియముపై ఏర్పడు పొర గట్టిగ అతుకుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుప తుప్పునకు ఆ గుణము లేదు. అది పొరలుగ రాలుచు, తేమను పట్టియుంచుచు, లోలోనికి పోవును. పైగా తాను తినిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. రెండు రేకులు అతికిన సందులో పుట్టిన తుప్పు ఉబ్బి, రంగుపై చిన్న పొక్కుగ కనబడును. ఆ పొక్కు మన కంటబడు వేళకు లోపల రంధ్రము సిద్ధమైయుండుట తరచు జరుగు విషయమే. బండిపై టార్పాలిను బిగించి కప్పినవారు దానిని కాపాడుచున్నామని తలంతురు. గాలి ఆడనందున ఆ కప్పు క్రిందనే చెమ్మ నిలుచును.

ఇక ముఖ్య విషయము. తుప్పు ఎంత అనునది కాదు, ఎక్కడ అనునది చూడవలెను. జీపు, లారీ మొదలగు వాటికి క్రింద ఛాసిస్ అను వేరు చట్రము కలదు. బరువంతయు దానిదే. 1960 దశకమున మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారునకు కూడ వేరు చట్రమే. పై తొడుగును ఊడదీసి చట్రమును చూచుకొనవచ్చును. అంబాసిడర్ అట్టిది కాదు. అది ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో తయారైనది. దానికి వేరు చట్రము లేదు. నేల రేకు, తలుపుల క్రింది పెట్టె వంటి గుమ్మములు, స్తంభములు, టాపు అన్నియు కలిసి అతికిన పెంకెయే దాని వెన్నెముక. గ్రుడ్డు పెంకునకు ఒకచోట పగులు వచ్చిన మిగిలిన భాగము కూడ బలహీనమగునట్లే, ఇట్టి కారునకు గుమ్మములు తినివేయబడినచో బండి నడుము వంగును.

మేస్త్రీగారు వచ్చీరాగానే బానెట్టు తెరతురని మేమనుకొంటిమి. వారు ఇంజను వైపు చూడనైన లేదు. లోపలి చాపలు తీయించి, నేలపై పరుండి, టార్చిలైటు వేసి క్రిందుగ చూచిరి. వారి ఉపకరణములు మూడు: చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, అయస్కాంతము. సుత్తితో మెల్లగ తట్టినపుడు మంచి రేకు ఖంగుమనును, తినివేయబడినది మొద్దుగ పలుకును. అనుమానము గల చోట స్క్రూడ్రైవరు మొన అదిమినచో అసలు సంగతి బయటపడును. అయస్కాంతము అతుకుకొననిచో ఆ రంగు క్రింద ఇనుము లేదు, ఎవరో పూర్వము పూసిన పుట్టీ కలదని అర్థము.

చూడవలసిన చోట్లను వారు వరుసగ చూపిరి. తలుపుల అడుగున నీరు కారు రంధ్రములు మట్టితో పూడినవా? బ్యాటరీ క్రింది రేకును ఆమ్లము తినినదా? ముందు అద్దపు రబ్బరు క్రింద, డిక్కీలో అదనపు చక్రము ఉండు చోట నీరు నిలిచినదా? వీటిలో చాల భాగము కోసి అతుకు వేసి సరిచేయదగినవే. ప్రాణమునకు సంబంధించినవి వేరు. వెనుక కమాన్లు బండికి తగిలించియుండు చోట్లు అందొకటి. ఈ కారు ముందరి భాగమును మోయునవి టార్షన్ బారులు, అనగా మెలితిరిగి స్ప్రింగు పనిచేయు ఉక్కు కడ్డీలు. వాటి వెనుక కొసలు నేల క్రింది అడ్డదూలమును పట్టుకొనియుండును. ఆ దూలము పుచ్చినచో పైన ఎంత మెరుగు పెట్టినను ఆ బండి దారిపైకి రాదగినది కాదు. ఇంకొక పరీక్ష కలదు. తలుపు తీసి వేసి చూచి, పిదప జాకీతో ఒక ప్రక్క కొంచెము ఎత్తి మరల తీసి వేసి చూడవలెను. మునుపు సరిగ పడిన తలుపు ఇపుడు పట్టివేసినచో గూడు బలము కోల్పోయినదని గ్రహింపవలెను. ఈ పరీక్ష చేయునపుడు కారు క్రింద ఎవరును ఉండరాదు.

ఇంజను సంగతి చివర వచ్చెను. ఏండ్లుగా ఆగిన ఇంజనును బ్యాటరీ పెట్టి వెంటనే తిప్పుట తగదు. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో కొంత నూనె పోసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, హ్యాండిలుతో చేతనే మెల్లగ తిప్పి చూడవలెను. పాత పెట్రోలు జిగురై గొట్టములను మూసియుండును. బ్రేకు సిలిండర్లు పట్టివేసియుండును. తీగలను ఎలుకలు కొరికియుండును. వీటికి భయపడ నక్కరలేదు. 1489 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజనును విప్పి కూర్చుట మన మేస్త్రీలకు చేతి పని. పైగా అంబాసిడర్ 2014 మే నెల వరకు తయారైనది గనుక విడిభాగములు ఇంకను దొరకును. హెరాల్డు యజమానునకు ఆ అదృష్టము తక్కువ. చట్రము మంచిదే దొరికినను, ఒక దీపపు చట్టము కొరకు నెలల తరబడి వెదకవలసి వచ్చును. కావున ఏ బండియైనను ముందుగ లేని వస్తువుల పట్టిక వ్రాసి, అవి ఎక్కడ దొరకునో విచారించిన పిదపనే పని మొదలిడవలెను.

కాగితములు మరచిపోరాదు. ఆర్.సి. పుస్తకములోని ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య బండిపై చెక్కిన సంఖ్యలతో సరిపోవలెను. తుప్పు పట్టిన రేకును కోయునపుడు ఆ సంఖ్య గల భాగము పోయినచో తరువాత రవాణా శాఖ వారికి సమాధానము చెప్పుట కష్టము. ఏబది యేండ్లు దాటి, మూల స్వరూపము చెడని వాహనములకు వింటేజి వాహనములుగ ప్రత్యేకముగ రిజిస్ట్రేషను ఇచ్చుటకు 2021లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చును గాని నిత్యము తిరుగుటకు కాదు. ఇంజను మార్చి, గూడు మార్చి క్రొత్త సొగసులు దిద్దువారు ఈ నియమమును ముందే తెలిసికొనుట మంచిది.

మిగిలినది సొమ్ము. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు కలదు. అట్టి వాటి లెక్క వేరు. మన ఇండ్లలోని బండ్లకు పెట్టిన సొమ్ము అమ్మినపుడు తిరిగి వచ్చుట అరుదు. కావున లాభమునకై చేయువారు మొదటనే మానుట మేలు. ప్రీతికై చేయువారు తమ మనసును ఒక ప్రశ్న అడుగవలెను: ఈ సొమ్ము మరల రాకున్నను ఇంటిలో ఎవరికైన లోటు కలుగునా? కలుగునన్నచో ప్రీతి కూడ అందుకు తగిన కారణము కాదు. కలుగదన్నచో, వేసిన అంచనాకు సగము అదనముగ చేర్చుకొని మొదలిడవలెను. పాత రేకు విప్పిన కొలది క్రొత్త వ్యయము చూపును. రంగు అన్నిటికంటె చివరి పని. మొదట రంగు మాట ఎత్తువాడు తుప్పును దాచువాడే గాని తీయువాడు కాడు.

మా మిత్రుల బండి యొక్క టాపు, తలుపులు, ఇంజను బాగుగనే యున్నవి. గుమ్మములు రెండును పుచ్చినవి. నేల క్రింది అడ్డదూలములో మేస్త్రీగారి స్క్రూడ్రైవరు పిడి వరకు దిగెను. వారు లేచి చేతులు తుడుచుకొని, "చేయలేమని కాదు బాబూ, చేయవచ్చును. నేల నుండి క్రొత్తగ కట్టవలెను. అపుడు మీ నాన్నగారి బండిలో నాన్నగారిది ఏమి మిగులును? నెలలో రంగు వేసి ఇత్తునన్నవాని మాట విని దీనిలో పిల్లలను మాత్రము ఎక్కింపకుడు" అనిరి.

మిత్రులు ఆ రాత్రి భోజనము సరిగ చేయలేదు. తెల్లవారిన పిదప తల్లిగారితో ఆలోచించి బాగుచేయు తలంపు మానుకొనిరి. మేస్త్రీగారి యెరుకలో, అదే కాలపు అంబాసిడరును నిలబెట్టుకొనుచున్న యజమాని యొకరు గలరు. ఆ బండి అడుగుభాగము దృఢము, ఇంజను మాత్రము పనికిరానిది. మన డాక్టరుగారి ఇంజను, తలుపులు, దీపములు దానికి చేరినవి. ఇంజను మార్పును ఆ యజమాని రవాణా శాఖలో నమోదు చేయించుకొనెను. మిగిలిన గూటిని అనుమతి గల తుక్కు కేంద్రమున అప్పగించి, ఇచట రిజిస్ట్రేషను రద్దు చేయించిరి. హారను మాత్రము ఇంటిలో ఉంచుకొనిరి.

ఆ రెండవ బండి తొలిసారి బయలుదేరిన నాడు దానిని కాకినాడకు తెచ్చి వృద్ధురాలైన ఆ తల్లికి చూపిరి. ఆమె గుమ్మములో నిలిచి ఇంజను చప్పుడు విని, "ఆయన బండి ఇంకను ఎవరినో ఒకరిని మోయుచున్నది కదా, అది చాలును" అనిరి.