‘పింగాణి’ ఒక్క మాట చాలదు: సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాను పాత్రలు – వర్ణన పరిభాష

ఉపోద్ఘాతం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల విద్యార్థులు ఒక్కరోజులో చూసి రాగలిగిన గొప్ప సేకరణ హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూడబెట్టిన వస్తువులు 1951 డిసెంబరు 16 నుంచి ప్రజల దర్శనానికి వచ్చాయి. వాటిలో జపాను అలంకార పాత్రలు కూడా ఉన్నాయి. వాటిని తెలుగులో వర్ణించబోతే వెంటనే దొరికే మాట ‘పింగాణి’. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే వస్తువు చరిత్ర ఎలా మరుగున పడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇమారి, సత్సుమా

క్యూషూ ద్వీపంలోని అరితాలో 17వ శతాబ్ది తొలినాళ్లలో తెల్లరాతి పొడితో పాత్రలు చేయడం మొదలైంది. ఇమారి రేవు నుంచి ఎగుమతి కావడం చేత వాటికి ఆ పేరు వచ్చింది. గాజుపూత కింద నీలం, పైన ఎరుపు, బంగారు రంగులు ఇమారి పాత్రల్లో ప్రసిద్ధమైన అలంకరణ. పలుచని అంచును వెలుతురుకు పట్టి చూస్తే కాంతి కనిపిస్తుంది. ఇది నిజమైన పింగాణి.

ఎగుమతికై చేసిన సత్సుమా పాత్రలు సాధారణంగా వేరు జాతివి. వాటి మట్టి దంతపు రంగుది; వెలుతురు దాని గుండా సాగదు. పూతలోని సన్నని గీతల వల పగులు కాదు, ఆ శైలి లక్షణం. 1867 పారిస్ ప్రదర్శన తరువాత పాశ్చాత్య దేశాల్లో వీటికి గిరాకీ పెరగడంతో క్యోటో మొదలైన చోట్ల కూడా ఇదే శైలిలో చిత్రించారు. కనుక ‘సత్సుమా’ అన్న పేరు ప్రతిసారీ తయారైన ఊరిని తెలుపదు.

ముద్రల సాక్ష్యం

అడుగున ఉన్న ముద్రను మాత్రమే నమ్మరాదు. చైనా చక్రవర్తుల పాలనా ముద్రలను జపాను పనివారు అనుకరించిన సందర్భాలున్నాయి. 1891 నుంచి అమెరికా సుంకపు చట్టం దిగుమతి వస్తువులపై దేశం పేరు కోరడంతో ‘నిప్పన్’ అనీ, 1921 నుంచి ‘జపాన్’ అనీ రాయడం వ్యాపించింది. ఈ ముద్ర కాలనిర్ణయానికి ఒక ఆధారమే. ముద్ర లేనంత మాత్రాన పాత్ర ప్రాచీనమని చెప్పలేము.

ముగింపు

మట్టి, పూత, రంగుల వరుస, ముద్ర – ఈ నాలుగింటినీ విడివిడిగా నమోదు చేసిన తరువాతే పాత్రకు పేరు పెట్టాలి. ‘పింగాణి’ని ఇమారి వంటి వాటికి పరిమితం చేసి, సత్సుమాను ‘పూత మట్టిపాత్ర’ అనడం మేలు. లేనిపక్షంలో శైలి లక్షణాన్ని లోపమనీ, అనుకరణ ముద్రను చైనా పుట్టుకకు రుజువనీ రాసే పొరపాటు మన పరిశోధన పత్రాలలో స్థిరపడుతుంది.