పశువులకొట్టమును నివాసగృహముగా మార్చుకొనుట
సామగ్రి సేకరణ క్రమము

మన గ్రామములలో ట్రాక్టరులు ప్రబలిన పిమ్మట కాడియెడ్లు తగ్గినవి. అనేకుల లోగిళ్లలో పశువులకొట్టములు సగము ఖాళీగా పడియున్నవి. కుమారునకు వివాహమైనప్పుడో, ఇంట చోటు చాలనప్పుడో, ఆ కొట్టమునే గదిగా మార్చుకొందమని రైతు తలంచుట సహజము. ఇంటివారే పనిలో పాల్గొన్నచో వ్యయమును తగ్గును. కాని పనియొక్క క్రమము తప్పినచో ఆ మిగులే అప్పుగా మారును. మేమెఱిగిన యొక రైతు వైశాఖమాసమున పాతకప్పు విప్పించి, అటుపిమ్మట దూలములకై వెదకసాగెను. కలప కుదురునప్పటికి మృగశిరకార్తె ప్రవేశించెను. కప్పులేని మట్టిగోడలు వానకు నాని రెండు కూలినవి. విత్తనములకై దాచుకొన్న సొమ్ము గోడలపాలై, విత్తనములకు ఆయన వడ్డీకి తేవలసివచ్చెను. కావున మేము ముందుగా చెప్పునదొక్కటియే: క్రొత్తకప్పునకు వలయు సామగ్రియంతయు వాకిట చేరువఱకు పాతకప్పుపై చేయి వేయరాదు.

కొలతలు, లెక్క

మొదట కాగితముపై లెక్క వ్రాసికొనవలయును. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల కొట్టమును ఉదాహరణముగా గైకొందము. పలువురు నేల వైశాల్యమునే, అనగా 288 చదరపుటడుగులనే, కప్పునకును లెక్కింతురు. ఇది పొరపాటు. నలువైపుల చూరు ఒకటిన్నర అడుగు వెలికి వచ్చినచో కప్పు 27 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఆక్రమించును. నడికొప్పు చూరుకంటె 4 అడుగులు ఎత్తుగా నుండినచో ఒక్కొక్క వాలు ఎనిమిదిన్నర అడుగులగును. రెండు వాలులును కలిపి 459 చదరపుటడుగులు. మంగుళూరు పెంకులు నూరు చదరపుటడుగులకు సుమారు 150 పట్టును గనుక 690 పెంకులును, పగులుళ్లకై ఇరువదింట నొకవంతును చేర్చి, 725 కావలయును. నేల లెక్కతో తెచ్చినవాడు 432 మాత్రమే తెచ్చి, పని నడుమ నిలిచిపోవును. కొప్పుపెంకులను వేఱుగా లెక్కింపవలయును.

తెఱపిగానున్న ముందుభాగమును 8 అడుగుల యెత్తున మూసినచో 192 చదరపుటడుగుల గోడ యగును. ద్వారమునకు 20, రెండు కిటికీలకు 24 తీసివేయగా 148 మిగులును. తొమ్మిదంగుళముల మందమునకు ఇది 111 ఘనపుటడుగులు. తొమ్మిదంగుళముల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు మందము గల ఇటుకలు ఘనపుటడుగునకు 14 చొప్పున 1,554 పట్టును. విరుగుళ్లతో 1,630 చాలును. మీ యూరి ఇటుక కొలత వేఱైనచో లెక్కను సవరించుకొనుడు. ఒకపాలు సిమెంటునకు ఆఱుపాళ్ల ఇసుక చొప్పున ఈ గోడకు 50 కిలోల బస్తాలు అయిదు సరిపోవును. పునాదికిని పూతకును వేఱు లెక్క. తెఱపివైపున పూర్వము పునాది యుండదు. దానిని క్రొత్తగా త్రవ్వవలయును. నల్లరేగడి నేలలలో వేసవియందు నెఱ్ఱెలువాఱు పొరను దాటి గట్టినేల తగులువఱకు త్రవ్వనిచో గోడ బీటలువాఱును.

పాతనేల

ఏండ్లతరబడి పేడయు మూత్రమును ఇంకిన నేల లవణభరితమై యుండును. దానిపై తిన్నగా గచ్చు వేసినచో చెమ్మతోకూడ ఉప్పు పైకి ప్రాకి, గోడల పూత పెచ్చులుగా రాలును. పూర్వము సురేకారము తీయుటకు ఇట్టి మన్నునే వాడెడివారు. కావున గోడల పునాది కదలకుండ జాగ్రత్తపడుచు ఒక అడుగులోతు మన్ను తీసి పొలమునకు తోలుకొనవలయును. అది నత్రజనముగల యెఱువే గనుక శ్రమ వృథాకాదు. ఆ గుంతను గరపమన్నుతో నింపి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపఱచి, నేలను వాకిటికంటె ఎత్తుచేయవలయును. ఉప్పుపట్టిన ఇటుకలను మరల గోడలో పెట్టరాదు.

పాతసామగ్రి పరీక్ష

దూలములను, స్తంభములను మొనగల ఇనుపకమ్మితో పొడిచి చూడవలయును. కమ్మి సులువుగా దిగినచోట పుచ్చియో, చెదపట్టియో యుండును. స్తంభములు నేలను తాకుచోటనే ముందు చెడును. ఆ భాగమును కోసివేసి, మిగిలినదానిని రాతిదిమ్మెపై నిలుపవచ్చును. తాటిదూలమునకు బలము వెలుపలి నల్లని చేవయందే గలదు. లోని మెత్తనిభాగమును నమ్మరాదు. మట్టితోగాని సున్నముతోగాని కట్టిన గోడ విప్పినచో ఇటుకలు చాలవఱకు చెడక వచ్చును.

పాతకప్పు సిమెంటురేకులదైనచో మిక్కిలి జాగరూకత వలయును. వానిలో సామాన్యముగా రాతినార యుండును. దాని ధూళి ఊపిరితిత్తులకు దుర్నివారమైన వ్యాధి కలిగించును. రేకులను పగులగొట్టక, కోయక, బాగుగ తడిపి, మేకులు విప్పి నిలువుగా దింపవలయును. పిల్లలను దరికి రానీయరాదు.

కొనుగోలు క్రమము

చెడని వస్తువు ముందు, చెడునది చివర కొనవలయును. కలప ఆఱవలయును గనుక దానిని అన్నిటికంటె ముందు తెచ్చి, నీడను గాలి తగులునట్లు పేర్చవలయును. పట్టణములలో పాతయిండ్లు పడగొట్టుచోట దొరకు తలుపులు, ద్వారబంధములు ఆఱినకలపవి గనుక చెదలు లేకున్న మేలు. పిమ్మట రాయి, ఇటుక, ఇసుక, పెంకులు. ఇసుకను గాజుగ్లాసులో నీటితో కలిపి తేరనిచ్చినచో పైన మందముగా ఒండ్రు పేరినయెడల, ఆ ఇసుక పనికిరాదు. సముద్రపు టిసుక అసలే కూడదు. సిమెంటును పని మొదలగు వారముననే తేవలయును; మూడునెలలు దాటినదానిని నమ్మరాదు. తెచ్చినదానిని గోడకు దూరముగా, పలకలపై నుంచవలయును.

సముద్రతీరపు సభ్యులు దూలములను గోడకు బంధించు ఇనుపపట్టెలను కూడ జాబితాలో చేర్చికొనవలయును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన తుపానును ఎఱిగినవారికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు.

నీటిని మఱవరాదు. ఇటుకలను నానబెట్టుటకును, కట్టిన గోడను కనీసము ఏడుదినములు తడుపుటకును నీరు వలయును. నడివేసవిని బావి యింకునూళ్లలో గోడపని ఉగాదిలోపలనే ముగించుట మంచిది. సంక్రాంతికి కుప్పనూర్పిళ్లు ముగియును గనుక అప్పుడు మొదలిడి, రోహిణికార్తెలోపల కప్పు ముగించుట మనకు అనువైన కాలము.

ఒక్కరు కొన్న లారీ నిండదు. బాడుగ మాత్రము నిండుగనే యగును. ఒకే యూరిలో ముగ్గురు నలుగురు సభ్యులు జాబితాలు కలుపుకొని ఒకేమాఱు ఇటుక, పెంకులు తెప్పించుకొన్నచో బాడుగ పంచుకొనవచ్చును, బేరమును కుదురును. సహకారమనగా అప్పు పుచ్చుకొనుట మాత్రమే కాదు. అప్పు అక్కఱలేకుండ చేసికొనుటయు సహకారమే. జాబితా వ్రాయుడు, సామగ్రి చేర్చుడు, తరువాతనే కప్పు విప్పుడు.