మెహమాన్లకు వేడి వేడి చీజ్ గిన్నె: ఓవెన్ లేకపోయినా పర్లేదు, ప్యాకెట్ మాత్రం చదవాలి

మగ్రిబ్ అయ్యాక ఫోన్ వస్తుంది. "ఆకివీడు దాటాం, అరగంటలో ఉండిలో ఉంటాం" అని. ఫోన్ పెట్టేశాక అమ్మీ ముందు ఫ్రిజ్ తెరుస్తుంది, తర్వాత నా వైపు చూస్తుంది. బిర్యానీకి టైం లేదు. సమోసాలు తెప్పిద్దామంటే అవి ఇంటికి చేరేసరికి చల్లారిపోతాయి. ఇలాంటప్పుడు పనికొచ్చేదే ఈ చీజ్ గిన్నె. పైన బంగారు రంగు వచ్చి, అంచుల్లో బుడగలు వేస్తున్న చీజ్‌ని గిన్నెతో సహా మధ్యలో పెడతాం. చుట్టూ కాల్చిన బ్రెడ్, రస్కులు. అందరూ ముంచుకుని తింటారు. సిటీ హోటళ్లలో దీన్నే బేక్డ్ చీజ్ డిప్ అంటున్నారు.

మొదటిసారి చేసినప్పుడు నా పరువు పోయింది. ఆపాను చూసుకోవడానికి ఏలూరు నుంచి వాళ్లు వచ్చారు. మొబైల్లో ఒక వీడియో చూసి, చీజ్ లేదు కదా అని షాపులో కొన్న పనీర్ ముక్కలనే గిన్నెలో పేర్చి బేక్ చేశాను. అరగంటయినా కరగలేదు. చివరికి నీళ్లు వదిలి, స్కూల్లో వాడే రబ్బరులా తయారైంది. దాన్ని కప్పిపుచ్చడానికి, మస్కట్ నుంచి మామూ తెచ్చిన చీజ్ డబ్బా తెరిచి పైన తురిమాను. అప్పుడు అబ్బాయి వాళ్ల దాదా నెమ్మదిగా అడిగారు, "బేటా, ఇందులో ఏముంటుంది? మనం తినొచ్చా?" అని. బీకాం చదివాను, రోజూ వార్తలు రాస్తాను. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయన ఏమీ అనకుండా బిస్కెట్ తీసుకున్నారు. ఈ వ్యాసానికి కారణం ఆ బిస్కెట్టే.

పనీర్ ఎందుకు కరగలేదు?

తెలుగు డిక్షనరీలో చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. కానీ మన గోదావరి ఊళ్లలో జున్ను అంటే వేరు. గేదె ఈనిన తర్వాత మొదటి రెండు మూడు రోజుల పాలల్లో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడేది జున్ను. ఆ పాలల్లో మాంసకృత్తులు మామూలు పాలకన్నా చాలా ఎక్కువ కాబట్టి వేడి తగిలితే చాలు, గుడ్డు గట్టిపడినట్టు తనంతట తానే పేరుకుంటుంది. అందులో ఇంకేమీ కలపక్కర్లేదు.

పనీర్ సంగతి ఇంకోటి. మరిగిన పాలల్లో నిమ్మరసం పోసి విరగ్గొడతాం. పాలు మరిగినప్పుడే అందులోని రెండు రకాల మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పులుపు తగలగానే అవి కలిసి ముద్దవుతాయి. ఆ ముడి మళ్లీ వేడికి విడదు. అందుకే పాలక్ పనీర్‌లో ముక్క ముక్కలాగే ఉంటుంది. కూరకు అది మంచి గుణమే. ఇక్కడ మాత్రం అదే మనకు అడ్డం.

మొజరెల్లా, చెడ్డార్ లాంటివి పాలను విరగ్గొట్టి చేసేవి కావు. గోరువెచ్చని పాలల్లో రెన్నెట్ అనే పదార్థాన్ని కొద్దిగా కలిపి, పాలు తోడుకున్నట్టు పేరుకునేలా చేస్తారు. ఇక్కడ మాంసకృత్తులను పట్టి ఉంచేది ప్రధానంగా కాల్షియం. వేడి చేస్తే ఆ పట్టు సడలి చీజ్ పారుతుంది, తీగలు సాగుతుంది. క్యూబులుగా, స్లైసులుగా దొరికే ప్రాసెస్డ్ చీజ్ వీటికి చుట్టం లాంటిది. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు, చీజ్‌ను సిట్రేట్ ఉప్పుతో కలిపి కరిగిస్తే నూనె, నీరు విడిపోవని కనిపెట్టారు. మన క్యూబుల్లో ఇప్పటికీ అలాంటి లవణాలే ఉంటాయి. తీగలు పెద్దగా సాగవు గానీ నున్నగా కరుగుతుంది. పక్కనున్న వాటిని కూడా విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

కాబట్టి మూడూ కలిపితే పని సులువు. పనీర్ గిన్నె నింపుతుంది, ప్రాసెస్డ్ చీజ్ నున్నగా కలుపుతుంది, మొజరెల్లా పైన తీగలు సాగుతుంది. మొత్తం మొజరెల్లాతోనే చేస్తే ఖర్చెక్కువ, పైగా చల్లారగానే చెప్పు తోలులా తయారవుతుంది.

దాదా అడిగిన ప్రశ్న

రెన్నెట్ అంటే ఏమిటి? పాత పద్ధతిలో, ఇంకా పాలు తాగే దూడ నాలుగో కడుపు పొరల నుంచి తీస్తారు. ఇటలీలో చేసే అసలు పార్మిజానో చీజ్‌కు ఇప్పటికీ దూడ రెన్నెట్టే వాడాలి. ఆ దూడను ఎలా కోశారు, కోయకుండా చనిపోయిన దూడదైతే ఏమిటి అన్న విషయాల్లో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఇప్పటివి కావు. అది తేల్చేంత ఇల్మ్ నాకు లేదు, మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి. అయితే ఆ చిక్కే రాని దారి ఒకటుంది. చాలా కంపెనీలు ఇప్పుడు బూజు జాతి సూక్ష్మజీవుల నుంచి తీసిన మైక్రోబియల్ రెన్నెట్ వాడుతున్నాయి. అందులో జంతువు ప్రస్తావనే లేదు.

మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే చీజ్ మీద గుర్తు చూస్తే సగం పని అయిపోతుంది. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే, పాలు, తేనె లాంటివి తప్ప జంతువు నుంచి తీసినదేదీ అందులో లేదని అర్థం. అంటే దూడ రెన్నెట్ లేదు, జెలటిన్ లేదు. గోధుమరంగు త్రిభుజం ఉంటే ఆగి చదవాలి. అయితే పచ్చ చుక్క అంటే హలాల్ సర్టిఫికెట్ అనుకోకండి. మద్యం ఉందా లేదా అన్నది ఆ చుక్క చెప్పదు. విదేశాల్లో కొన్ని చీజ్‌లను వైన్‌తోనో బీరుతోనో కడిగి మాగబెడతారు. మన ఊరి షాపుల్లో దొరికే క్యూబులకు, మొజరెల్లాకు ఆ బాధ లేదు గానీ సూపర్‌మార్కెట్‌లో కొత్త పేరు కనబడితే పదార్థాల జాబితా మొత్తం చదవండి.

అసలు జాగ్రత్త గల్ఫ్ నుంచి సూట్‌కేసులో వచ్చే డబ్బాల దగ్గర. వాటి మీద మన పచ్చ చుక్క ఉండదు. హలాల్ ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే జాబితాలో 'మైక్రోబియల్' లేదా 'వెజిటేరియన్' రెన్నెట్ అని రాశారేమో చూడండి. ఉత్తి 'రెన్నెట్' అని మాత్రమే ఉంటే అది ఏ రకమో చెప్పలేం. ఆ రోజు మామూ డబ్బా మీద హలాల్ ముద్ర ఉంది. అరబ్బీలో, అడుగున, చిన్నగా. నేనే చూసుకోలేదు.

ఇప్పుడు పనీర్ వంతు. ఆ రోజు నా పనీర్ రబ్బరు కావడానికి తప్పు వంట ఒక్కటే కారణమా అన్న అనుమానం నాకు ఇంకా ఉంది. పాల కొవ్వు బదులు వేరే నూనెలు, పిండి పదార్థాలు వేసి చేసే 'అనలాగ్' పనీర్ మార్కెట్లో ఉంది. అది అమ్మడం నేరం కాదు, కానీ అనలాగ్ అని లేబుల్ మీద చెప్పాలి. విడిగా కోసి అమ్మేటప్పుడు ఆ లేబుల్ మనదాకా రాదు. ఇంట్లో చిన్న పరీక్ష చేయొచ్చు. కొంచెం పనీర్‌ను నీళ్లలో ఉడికించి, చల్లారాక రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు వస్తే పిండి కలిసినట్టు. రంగు రాకపోతే పిండి లేదని మాత్రమే తెలుస్తుంది, కొవ్వు ఏదో తెలియదు. పరీక్ష చేసిన ముక్కను పారేయాలి.

అందుకే నేను ఇంట్లోనే చేస్తాను. మన దగ్గర చిక్కటి గేదె పాలకు కొరత లేదు. లీటరు పాలు మరిగించి, స్టవ్ ఆపి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. పచ్చటి నీరు వేరవగానే ఆపి, పల్చటి గుడ్డలో వడకట్టి, పులుపు పోయేలా చన్నీళ్లతో ఒకసారి కడగాలి. సుమారు 200 గ్రాములు వస్తుంది. ఈ వంటకు బరువు పెట్టి అచ్చులా నొక్కక్కర్లేదు, పది నిమిషాలు నీరు కారితే చాలు. మెత్తగా ఉంటేనే మంచిది.

రేటు సంగతి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ప్యాక్ చేసిన పనీర్ మీద ఉన్న 5 శాతం పూర్తిగా తీసేశారు. కొనేటప్పుడు ఎమ్మార్పీతో పాటు గ్రాముకు ఎంత పడుతోందో కూడా చూడండి. చిన్న ప్యాకెట్ చవగ్గా కనబడుతుంది, లెక్క వేస్తే చాలాసార్లు పెద్దదే చవక.

డేక్సాలో దమ్

ఆరుగురికి కొలత ఇది. మెత్తటి పనీర్ 200 గ్రాములు, ప్రాసెస్డ్ చీజ్ 100 గ్రాములు (25 గ్రాముల క్యూబులైతే నాలుగు), మొజరెల్లా తురుము 100 గ్రాములు, పాలు అర కప్పు, కార్న్‌ఫ్లోర్ ఒక చిన్న చెంచా, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, పచ్చిమిర్చి రెండు, మిరియాల పొడి, కొత్తిమీర. ఉప్పు వేయొద్దు. చీజ్‌లోనే కావాల్సినంత ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లకు అదే ఎక్కువ.

అన్నిటికన్నా ముందు వేడి సిద్ధం చేసుకోవాలి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడెక్కనివ్వండి. కరెంటు పోతే మాత్రం ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టర్ ఓవెన్‌ను లాగలేదు, ముందే చెప్తున్నా. ఓవెన్ లేకపోతే బిర్యానీ డేక్సా తీయండి. అడుగున రెండు వేళ్ల మందం కల్లుప్పు పరిచి, మధ్యలో చిన్న స్టాండ్ పెట్టి, మూతేసి, మధ్యస్థం మంట మీద పది నిమిషాలు ఉంచండి. ఉప్పు మంటను ఒకేచోట తగలనివ్వకుండా వేడిని సమంగా పంచుతుంది. కుక్కర్ వాడితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, ఇది మరిచిపోకూడదు. నాన్‌స్టిక్ గిన్నెను ఇలా ఖాళీగా వేడి చేయకండి, పై పూత పాడై పొగ వస్తుంది.

అది వేడెక్కేలోపు పనీర్, పాలు, కార్న్‌ఫ్లోర్ మిక్సీలో నున్నగా తిప్పండి. బాణలిలో కాస్త వెన్న వేసి వెల్లుల్లి, పచ్చిమిర్చి పచ్చివాసన పోయేదాకా వేయించి, మిక్సీలోది పోసి, క్యూబులు తురిమి వేసి సిమ్‌లో తిప్పుతూ ఉండండి. నాలుగైదు నిమిషాల్లో దోసెల పిండిలా అవుతుంది. మంట పెంచితే చీజ్ విరిగి నూనె తేలుతుంది, కంగారు పడొద్దు. దించి మిరియాలు, కొత్తిమీర కలిపి లోతు తక్కువ ఉన్న స్టీలు గిన్నెలోకి తీసి, పైన మొజరెల్లా పరచండి. గిన్నెను స్టాండ్ మీద పెట్టి మూత బిగించి, మంట కొంచెం తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. అంచుల్లో బుడగలు వస్తే అయినట్టే.

ఒక్క లోటు ఉంటుంది. కింద వేడితో పైన రంగు రాదు. దీనికి మందు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. దమ్ బిర్యానీకి నానీ మూత మీద నిప్పులు వేసేది గుర్తుందా? కింద మంట, పైన నిప్పులు. ఓవెన్ చేసే పని కూడా అదే. ఇప్పుడు బొగ్గులు లేవు కాబట్టి నేను ఇనుప అట్లపెనాన్ని పక్క స్టవ్ మీద బాగా కాల్చి, చివరి ఐదు నిమిషాలు గిన్నెకు జానెడు లోపు ఎత్తులో, డేక్సా మూత స్థానంలో బోర్లిస్తాను. మచ్చలు మచ్చలుగా రంగు వస్తుంది. పట్టకారు, మందపాటి గుడ్డ రెండూ చేతిలో ఉండాలి, పిల్లలు వంటింట్లో ఉండకూడదు.

మాది రొయ్యల చెరువుల ప్రాంతం, కాబట్టి అడుగుతారని తెలుసు. రొయ్యలు వేయొచ్చు. కానీ ముందే వేయించి నీరు ఇంకించాలి. పచ్చివి వేస్తే చీజ్ పులుసు అవుతుంది. మా ఇంట్లో తింటాం. హనఫీ ఇళ్లలో కొందరు తినరు, కొందరికి రొయ్యలు పడవు. అందుకని రొయ్యల గిన్నె వేరుగా పెట్టి, ముందే చెప్పడం మర్యాద.

దస్తర్‌ఖాన్ మీద పెట్టాక పది నిమిషాలే దీని వైభవం. తర్వాత పైపొర గట్టిపడుతుంది. కాబట్టి మెహమాన్లు చెప్పులు విప్పుతుండగా గిన్నె డేక్సాలోంచి బయటికి రావాలి, వాళ్లు ఆకివీడులో ఉండగా కాదు. కాస్త వేడి కల్లుప్పు పళ్లెంలో పోసి దాని మీద గిన్నె పెడితే ఇంకో పది నిమిషాలు నిలుస్తుంది. ముంచుకోవడానికి రస్కులు, పెనం మీద కాల్చిన పావ్ ముక్కలు, షుగర్ ఉన్నవాళ్లకు కీర, క్యారెట్ ముక్కలు.

ఏలూరు వాళ్లు రెండోసారి వచ్చినప్పుడు ఇదే పెట్టాను. చీజ్ ప్యాకెట్ల కవర్లు పారేయకుండా ఉంచి, దాదా అడక్కముందే చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు తీసి పచ్చ చుక్క దగ్గర వేలు పెట్టి, "ఇదేమిటో చెప్పు" అన్నారు. చెప్పాను. పావ్ ముక్క తీసుకున్నారు. కారం కొంచెం ఎక్కువైందన్నారు, అది నిజమే.

మిగిలితే ఎండాకాలంలో బయట రెండు గంటలకు మించి ఉంచకండి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు మళ్లీ బేక్ చేస్తే ఆ నునుపు రాదు. చపాతీ పిండిలో కూరి పరాటా చేస్తే మాత్రం పిల్లలు ఒక్కటి కూడా మిగల్చరు.