మోడ్ ప్యాక్ షేర్ చేస్తున్నారా? ముందు చేసినవాళ్లని అడిగారా?

మన దగ్గర ‘మోడ్’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మోడ్ ఏపీకే. అన్‌లిమిటెడ్ కాయిన్స్, ప్రీమియం అన్‌లాక్, ఒక టెలిగ్రామ్ లింక్. అది క్రాక్, దాని గురించి కాదు ఈ ఆర్టికల్. మనం డబ్బులిచ్చి కొనుక్కున్న గేమ్‌కి ఎవరో ఆఫీసు పని అయ్యాక రాత్రి కూర్చుని, ఫ్రీగా చేసి పెట్టే అసలైన మోడ్స్ గురించి. కౌంటర్ స్ట్రైక్ మొదలైందే 1999లో, హాఫ్ లైఫ్‌కి ఒక మోడ్‌గా. డోటా కూడా వార్‌క్రాఫ్ట్ 3లో ఒక కస్టమ్ మ్యాప్‌గానే పుట్టింది.

ఇందులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తా.

2020 లాక్‌డౌన్. బీటెక్ మధ్యలో ఇంట్లో ఇరుక్కుపోయాం. నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లేదు కాబట్టి స్టార్‌డ్యూ వ్యాలీ ఒక్కటే హాయిగా నడిచేది. ఆ గేమ్‌కి మోడ్స్ వేయాలంటే ముందు స్మాపీ అనే లోడర్ ఉండాలి, తర్వాత ఒక్కో మోడ్‌నీ విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫ్రెండ్స్‌కి అంత ఓపిక లేదు. నేనే నలభై దాకా మోడ్స్ కలిపి ఒక జిప్ చేసి, డ్రైవ్‌లో పెట్టి క్లాస్ గ్రూప్‌లో లింక్ పడేశా. ఎవరినీ అడగలేదు. ఒక్కో మోడ్ పేజీలో పర్మిషన్స్ అని ఒక సెక్షన్ ఉంటుంది, వేరేచోట అప్‌లోడ్ చేయొచ్చా లేదా అని అందులోనే రాసి ఉంటుంది. అది ఓపెన్ కూడా చేయలేదు. పైగా జిప్‌లో ఒక రీడ్‌మీ పెట్టా: ‘గేమ్‌తో పాటు వచ్చే బ్లాక్ విండోని పట్టించుకోవద్దు’.

ఆ బ్లాక్ విండోనే స్మాపీ కన్సోల్. ఏ మోడ్‌కి కొత్త వెర్షన్ వచ్చిందో, ఏది పాడైందో చెప్పేది అదే!

డిసెంబర్‌లో గేమ్‌కి 1.5 అప్‌డేట్ వచ్చింది. నా ప్యాక్‌లో సగం మోడ్స్ పనిచేయడం ఆగిపోయాయి. అప్పటికే ఆ లింక్ మా క్లాస్ దాటి ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. వాళ్లంతా నన్నెందుకు అడుగుతారు? నేనెవరో వాళ్లకి తెలీదు. మోడ్ పేరు సెర్చ్ చేసి, నేరుగా దాన్ని చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి ‘బ్రో నాట్ వర్కింగ్, ఫిక్స్ ఫాస్ట్’ అని రాశారు. ఒక మోడర్ అయితే ఆ బగ్‌ని అప్పటికే ఫిక్స్ చేసి పెట్టాడు. అయినా అదే కంప్లైంట్ మళ్లీ మళ్లీ వస్తుంటే, ఎవరిదో లాగ్ అడిగి చూశాడు. లాగ్‌లో ప్రతి మోడ్ వెర్షన్ నంబర్ ఉంటుంది కదా, అంతా పాత సరుకే. ఎక్కడ డౌన్‌లోడ్ చేశావని అడిగితే నా డ్రైవ్ లింక్ బయటపడింది.

అతను నాకు మెసేజ్ పెట్టాడు. తిట్టలేదు. లింక్ తీసేయమని, కావాలంటే మోడ్ పేజీల లిస్ట్ ఇవ్వమని అడిగాడు, అంతే. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది. ఆ రాత్రే డ్రైవ్ ఫైల్ తీసేసి, లింకుల లిస్ట్ గ్రూప్‌లో పెట్టా. సగం మంది మళ్లీ ఇన్‌స్టాల్ చేయలేదు. వేరేవాళ్లు కాపీ చేసుకున్న జిప్‌లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉండి ఉంటాయి, వాటిని నేను ఆపలేను.

‘ఫ్రీ వస్తువే కదా, పంచితే తప్పేంటి’ అనే లాజిక్ ఇక్కడే ఫెయిల్ అవుతుంది. మోడ్ అంటే ఫైల్ ఒక్కటే కాదు, దానికి సపోర్ట్ ఇచ్చే మనిషి కూడా. జిప్ చేసి పంచితే ఫైల్ మన దగ్గరికొస్తుంది, సపోర్ట్ భారం మాత్రం వాళ్ల నెత్తినే ఉంటుంది. డబ్బు కలిస్తే ఇంకా చిక్కు. 2015 ఏప్రిల్‌లో స్టీమ్‌లో స్కైరిమ్ మోడ్స్‌ని అమ్ముకునే పద్ధతి పెట్టారు. మోడర్ వాటా 25 శాతం. ఒక ఫిషింగ్ మోడ్ ఇంకొకరి యానిమేషన్ పని మీద ఆధారపడి ఉందని, వాళ్ల అనుమతి లేదని గొడవై, వెంటనే తీసేయాల్సి వచ్చింది. నాలుగు రోజులకి మొత్తం స్కీమే ఎత్తేసి రీఫండ్స్ ఇచ్చారు.

సెక్యూరిటీ సంగతి కూడా ఉంది. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ మైన్‌క్రాఫ్ట్ మోడ్స్ ద్వారా పాకింది. బ్రౌజర్ కుకీలు, అకౌంట్ టోకెన్లు కొట్టేయడమే కాదు, సిస్టమ్‌లో దొరికిన మిగతా జార్ ఫైల్స్‌కి కూడా అంటుకునేది. కర్స్‌ఫోర్జ్ లాంటి పేరున్న సైట్‌లోనే ఇలా జరిగింది. అక్కడైతే కనీసం పాడైన ఫైల్స్ వెతికి తీసేసేవాళ్లున్నారు. ఎవరో ఇచ్చిన డ్రైవ్ జిప్‌కి ఆ దిక్కు కూడా లేదు.

మరి మోడర్ ఏళ్ల తరబడి కనిపించకపోతే? ముందు లైసెన్స్ చూడండి. ఎంఐటీ లాంటి ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉంటే క్రెడిట్, లైసెన్స్ నోటీస్ ఉంచి మీరే అప్‌డేట్ చేయొచ్చు. లేకపోతే మెసేజ్ పెట్టి వెయిట్ చేయండి. రిప్లై రాలేదంటే ఓకే చెప్పినట్టు కాదు. స్టార్‌డ్యూ వాళ్లు దీనికి మంచి పద్ధతి పెట్టుకున్నారు. పాత మోడ్‌ని ఎవరైనా రిపేర్ చేస్తే దాన్ని ‘అనఫిషియల్ అప్‌డేట్’ అనే పిలుస్తారు, స్మాపీ కంపాటిబిలిటీ లిస్ట్‌లో కూడా అలాగే చూపిస్తారు. అసలు మోడ్ ఎవరిదన్న దాంట్లో తికమక ఉండదు.

బగ్ చెప్పేటప్పుడు లాగ్ లింక్, ఏం చేస్తే క్రాష్ అవుతోందో రెండు లైన్లు, ఇవి చాలు. స్మాపీ సైట్‌లో లాగ్ అప్‌లోడ్ చేసి ఆ లింక్ ఇవ్వొచ్చు. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరాక నాకు ‘నాట్ వర్కింగ్’ అని ఒకే ముక్క రాసిన టికెట్లు వచ్చాయి లెండి, కర్మ.

కో-ఆప్‌లో కూడా అడిగే వేయాలి. మా నలుగురి ఫార్మ్‌లో, స్ప్రింగ్ మొదటి వారంలోనే ఒకడు ఐటమ్ స్పానర్ వేసి పెట్టెల నిండా ఇరిడియం నింపేశాడు. సర్‌ప్రైజ్ అనుకున్నాడు పాపం. క్యారెట్ కూడా లేని రోజుల నుంచి ఒక్కో గింజా నాటుకుంటూ వస్తున్న ఇంకో ఫ్రెండ్ మళ్లీ ఆ ఫార్మ్‌లోకి రాలేదు.

2024 మార్చిలో 1.6 వచ్చినప్పుడు మళ్లీ అదే సీన్, చాలా మోడ్స్ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ క్లాస్ గ్రూప్ ఇంకా ఉంది. అప్పట్లో నా జిప్ వాడినవాడే ఒకడు కన్సోల్ స్క్రీన్‌షాట్ పెట్టి, ‘ఒరేయ్, మూడు మోడ్స్ స్కిప్ చేశా అంటోంది, మోడర్‌కి చెప్పాలా?’ అని అడిగాడు. వాళ్లకి ఆల్రెడీ తెలిసే ఉంటుంది, పేజీలో పిన్ చేసిన నోట్ చదువు, సేవ్ బ్యాకప్ తీసుకుని ఒక వారం ఆగు అన్నా. ఆగాడు.