గోబర్ గ్యాస్ కుండీకి ఏం పెట్టాలి?

తల్లీ, 2025 ఏప్రిల్‌లో కనిగిరి వైపు దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి లోకేశ్ శంకుస్థాపన చేశారని చదివావు కదా. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దాన్నుంచి గ్యాస్ తీస్తారట. గడ్డిలోంచి గ్యాస్ ఎలా వస్తుందన్నావు, చెబుతా విను.

గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులున్నాయి. మన ఒంగోలు గిత్త పొట్టలోనూ ఉంటాయి. అందుకే కొత్త కుండీలో ముందు పేడ నీళ్లు పోస్తారు, పాలకు తోడు వేసినట్టు. లోపల కొన్ని జీవులు పీచునీ పిండినీ విడగొడతాయి, కొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి. మండే గ్యాస్ అయిన మీథేన్ చేసేవి మాత్రం ఆఖర్న వస్తాయి. అవి బహు సుకుమారం, మెల్లగా పెరుగుతాయి.

తంటా అంతా అక్కడే. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం, కూరలు ఒక్కసారిగా కుమ్మరించారనుకో. ఆమ్లం చేసేవి పండగ చేసుకుంటాయి, మీథేన్ చేసేవి ఆ పులుపుకి చతికిలబడతాయి. గ్యాస్ వస్తుంది, పొయ్యి మాత్రం అంటుకోదు, ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడే కాబట్టి. అప్పుడు కొన్నాళ్లు మేత ఆపి, తాజా పేడ నీళ్లు కలపాలి. కోళ్లఫారం ఎరువు మరీ ఎక్కువైనా కష్టమే, అమోనియా పెరిగి మీథేన్ చేసే జీవుల్ని కుంగదీస్తుంది.

వెచ్చదనం మనకున్న వరం. సుమారు 35 డిగ్రీల దగ్గర ఆ జీవులు హుషారుగా పనిచేస్తాయి. దక్షిణాదిన కుండీలో సరుకు 30 రోజులుంటే చాలని లెక్క, చలి కొండల్లో 55 రోజులు కావాలి. కిలో పేడకు కిలో నీళ్లు కలిపి పోస్తే, పాతిక కిలోల పేడకు దాదాపు ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. అందులో సగానికి పైగా మీథేన్.

మరి మన పత్తి కట్టె, మిరప కట్టె? అలాగే వేస్తే లాభం లేదు. వాటిలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం పీచును చుట్టేసి ఉంటుంది, గాలి లేని చోట అది కరగదు. నలగ్గొట్టి క్షారపు నీళ్లలో నానబెడితే కొంత దారికొస్తుంది. ఆ ఖర్చు రైతు ఒక్కడూ భరించలేడు, ఊరంతటికీ ఒక యంత్రం ఉండాలని నా గట్టి నమ్మకం. లేకపోతే ఏటా చేలల్లో తగలబెట్టడమే.

ఇంకో సంగతి. కుండీలోంచి బయటికొచ్చిన స్లర్రీ కూడా ఇంకొన్నాళ్లు గ్యాస్ విడుస్తూనే ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడెక్కిస్తుంది. కుండీ ఉన్నవాళ్లు స్లర్రీ గుంటకు కూడా మూత పెట్టి ఆ గ్యాస్‌నీ పట్టుకోండి. మేత రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో వేయండి.