గరిటెకీ బిల్లు వేశాం!

హోటల్ మెనూలోనో, పత్రికలోనో, సెల్‌ఫోన్లోనో గుత్తివంకాయ కూర ఫొటో చూడగానే మనకి నోరూరుతుంది. "అబ్బ, ఎంత బాగా తీశారో!" అనుకుంటాం. తీసినవారి గొప్పదనం సరే! మరి ఆ వంకాయలు వండిందెవరు? తొడిమ పచ్చగా ఉండగానే కనిపెట్టి పొయ్యి కట్టేసిందెవరు? కూరకి ఆ నూనె మెరుపు పోకుండా చూసిందెవరు? ఈ ప్రశ్న మనలో చాలామందికి తోచదు. నాకు రోజూ తోస్తుంది. ఎందుకంటే, ఆ వండే మనిషిని నేనే!

విజయవాడలో మా ఇంటి పై వాటాలో నేనూ, మా తోడికోడలూ కలిసి నాలుగేళ్లుగా ఓ స్టూడియో నడుపుతున్నాం. పెళ్లిళ్లూ, పాస్‌పోర్టు ఫొటోలూ మా పని కాదు. తిండి పదార్థాల ఫొటోలు మాత్రమే తీస్తాం. హోటళ్లు, స్వీటు షాపులు, బేకరీలు, పచ్చళ్లూ పొడులూ అమ్మేవాళ్లు మా దగ్గరకొస్తారు. మా తోడికోడలి పుట్టిల్లు ఏలూరు. వాళ్ల నాన్నగారిది ఫొటో స్టూడియో కావడంతో ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ కెమెరా అలవాటే. నేనేమో బీఏ చదివి, పిల్లల్ని బడికి పంపాక తీరిక దొరికితే కథలు రాసుకునేదాన్ని. "అక్కా, వెలుతురు సంగతి నేను చూసుకుంటా, పొయ్యి సంగతి నువ్వు చూసుకో" అంటూ నన్ను ఇందులోకి దించింది తనే.

పదడుగుల గది చాలు

స్టూడియో అనగానే పెద్ద హాలూ, కళ్లు చెదిరే దీపాలూ ఊహించుకోకండి. మాది పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గది. దానికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. వాస్తు కోసం కాదండోయ్! ఉత్తరం కిటికీలోంచి ఎండ నేరుగా పడేది తక్కువ. చాలావరకు మెత్తటి వెలుతురే వస్తుంది. మబ్బు పట్టిన రోజుకీ, రాత్రి పనికీ ఒక పెద్ద లైటు కొన్నాం. కిటికీకి అడ్డంగా బటర్ పేపర్ కడితే వెలుతురు ఇంకా మెత్తబడుతుంది. నీడ పడిన వైపు తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెడితే ఆ వెలుతురే తిరిగి పళ్లెం మీద పడుతుంది. ఫొటో తీసేటప్పుడు గదిలో బల్బు మాత్రం వెలిగించం. రెండు రకాల వెలుగులు కలిస్తే అన్నం ఓ పక్క తెల్లగా, ఓ పక్క పసుపుగా వస్తుంది.

ఒక కెమెరా, రెండు లెన్సులు, ట్రైపాడు, ల్యాప్‌టాప్... ఇవి మా తోడికోడలు చీటీ పాడుకుని కొన్నవి. కడప రాయి పలకలు, పాత తలుపు చెక్కలు, మా అత్తగారి ఇత్తడి గిన్నెలు ఇంట్లోవే. ఇంతలో మా అత్తగారు ఒక షరతు పెట్టారు. "ఇంటి బండ ఇంటికే. మీ వ్యాపారం బండ మీరు తెచ్చుకోండి" అని. ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్లు సబబు. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల గ్యాసు బండను వ్యాపారానికి వాడకూడదు. దానికి 19 కిలోల కమర్షియల్ బండ వేరే ఉంది. మా లెక్కల పుస్తకంలో మొదటి పద్దు అదే.

కెమెరా కోసం వంట వేరు

రుచికి వండే తీరు వేరు, చూపుకి వండే తీరు వేరు. తినడానికైతే బెండకాయ బాగా మగ్గాలి. కెమెరాకైతే ముప్పాతిక వంతు ఉడికితే చాలు, రంగు నిలుస్తుంది. కొత్తిమీర కోసిన అయిదు నిమిషాలకే వాడిపోతుంది కనుక చివరి నిమిషం దాకా ఐసు నీళ్లలో ఉంచుతాను. పప్పు దించిన కాసేపటికి పైన మీగడలా పొర కడుతుంది. కుంచెతో వేడి నీళ్లు అద్ది దాన్ని కరిగించాలి. బిర్యానీ మెతుకులు ఎండిపోతే సన్నగా నూనె రాయాలి.

ముందుగా ఒక ఉత్తుత్తి పళ్లెం పెట్టి వెలుతురూ, కోణమూ సరిచూసుకుంటాం. అంతా కుదిరాక అసలు పళ్లెం వస్తుంది. దాన్ని మా వాళ్లు 'హీరో ప్లేటు' అంటారు. పెసరట్టు హీరో అయితే మాకు దొరికే సమయం రెండు మూడు నిమిషాలే! ఆ తర్వాత అంచులు మెత్తబడిపోతాయి.

ఇడ్లీ ఫొటో తీయడం మహా కష్టం. తెలుపు ఎక్కువగా ఉంటే కెమెరా దాన్ని తనంతట తానే బూడిద రంగుకి దించేస్తుంది. అందుకని వెలుగు కాస్త పెంచి తీయాలి. వెలుతురు పక్కనుంచి పడితేనే ఇడ్లీలోని గుల్లదనం కనిపిస్తుంది. ఆవకాయది దీనికి తిరకాసు. మరీ ఎరుపైతే ముక్కా, పిండీ తేడా తెలియకుండా ముద్దగా పడుతుంది. దానికి వెలుగు తగ్గించాలి. కాఫీ మీద పొగలు రావాలంటే వెనక నల్లటి అట్ట ఉండాలి, వెలుతురు వెనక వైపునుంచి రావాలి, గది చల్లగా ఉండాలి. అన్నం, పప్పు, నాలుగు కూరలున్న భోజనం పళ్లేన్ని నెత్తిమీంచి తీయాలి. దొంతరగా పేర్చిన దిబ్బరొట్టె ముక్కలనైతే ఎదురుగా తీయాలి. ఇవేవీ నేను పుస్తకాల్లో నేర్చుకున్నవి కావు. పప్పు ఎప్పుడు పొర కడుతుందో, అట్టు ఎప్పుడు మెత్తబడుతుందో మనలో తెలియనివాళ్లెవరు చెప్పండి?

ఇంట్లో చేసేదేగా!

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. మేమిచ్చే అంచనా కాగితంలో అయిదు పద్దులుంటాయి. సరుకులు, వంటా అమరికా, ఫొటో, దిద్దుబాటు, వాడుకునే హక్కు. సాంబారు పొడి, కూర పొడులు అమ్మే ఒక వ్యాపారి వచ్చాడు. తన పొడులతో పది వంటకాలు చేసి ఫొటోలు తీయాలన్నాడు. కాగితం చూసి రెండో పద్దు మీద వేలు పెట్టి, "ఫొటోకి డబ్బులిస్తాం. వంటకి కూడా డబ్బులేంటమ్మా? మీరు ఇంట్లో రోజూ చేసేదేగా!" అన్నాడు.

నాకు చివుక్కుమంది. మా తోడికోడలు మాత్రం తొణకలేదు. "అలాగే అన్నయ్యగారూ, ఆ పద్దు కొట్టేస్తాను. వంటలు మీ ఇంట్లో చేయించి తెచ్చుకోండి" అంది. ఆయన నిజంగానే క్యారియర్లలో తెచ్చాడు. పాపం, వాళ్లింట్లో వంట కమ్మగానే చేశారు. కానీ దారిలో సాంబారులో ముక్కలన్నీ అడుగుకి దిగిపోయాయి. కోడికూర నూనె ఓ పక్కకి తేలింది. వేపుడు చెమ్మగిల్లింది. మూడో వంటకం అవుతుండగానే ఆయన ల్యాప్‌టాప్ తెర మీంచి తలెత్తి, "ఆ రెండో పద్దు ఉంచండమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టి సమయం రాయడం మొదలుపెట్టాం. ఒక్కో వంటకానికి కెమెరా దగ్గర ఇరవై నిమిషాలు పడితే, బజారు, తరుగుడు, వంట, అమరిక, గిన్నెలు తోమడం అన్నీ కలిపి గంటన్నర పడుతోంది! ఇక గరిటె పని లెక్కలోకి రాదని ఎవరైనా ఎలా అంటారు? వచ్చిన దాంట్లో ఖర్చులు పోగా ఇద్దరం చెరిసగం తీసుకుంటాం. నా వాటా నా పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.

గిన్నెలో గోళీలు

వంట తెలిసినవాళ్లకి మాయ చేయడమూ తెలుస్తుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో క్యాంప్‌బెల్ అనే సూపుల కంపెనీ ప్రకటనల్లో గిన్నె అడుగున గాజు గోళీలు పోసి, ముక్కలన్నీ పైకి తేలేలా చేశారు. సూపు నిండా కూరముక్కలే ఉన్నాయని చూసినవాళ్లు అనుకున్నారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని తప్పుపట్టింది. అలాంటి ప్రకటనలు ఇక వేయకూడదని 1970లో ఉత్తర్వు వచ్చింది. మన దేశంలోనూ తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకి 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందా చర్య తీసుకోవచ్చు.

ఒక హోటల్ వారు రొయ్యల ఇగురు ఫొటో అడిగారు. వాళ్లు ఒక ప్లేటుకి వడ్డించేది ఆరు రొయ్యలు. ఫొటోలో మాత్రం పన్నెండు ఉండాలట! "ఆరే పెడతాం, ఆ ఆరూ చక్కగా కనిపించేలా వెడల్పాటి పళ్లెంలో పెడతాం" అన్నాం. వాళ్లు ఒప్పుకోలేదు. నలభై వంటకాల పని అది. మొత్తం పోయింది. మా తోడికోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నెల లైటు వాయిదా ఇంకా కట్టాల్సి ఉంది మరి. అయినా అడిగినట్టు తీసుంటే, ఆ ఫొటో చూసి డబ్బు కట్టి ఆరు రొయ్యలు తెచ్చుకునే ఇల్లాలికి మేమేం జవాబు చెప్పగలం? అందుకే మాకో నియమం ఉంది. సర్దడం, మెరిపించడం మా పని. పరిమాణం, సరుకు మార్చడం మా పని కాదు. గ్లిజరిన్ వంటివి తగిలిన పళ్లెం మాత్రం ఎవరికీ పెట్టం. అందుకే కెమెరా గిన్నె వేరు, తినే గిన్నె వేరు. తినే గిన్నెలోది ఆ పూట అందరం కూర్చుని తింటాం.

ముందే రాసుకోండి

ఇంట్లో కేకులు చేసి ఫొటోలు పెట్టే చెల్లెళ్లూ, వేరేవాళ్లకి ఫొటోలు తీసిచ్చే అమ్మాయిలూ ఈ రోజుల్లో ఎక్కువగానే ఉన్నారు. వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి చెప్పి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. మెనూ కార్డు కోసమని తక్కువకి తీసిచ్చిన ఫొటో రేపు రోడ్డు మీద పెద్ద హోర్డింగు అయినా మనం నోరెత్తలేం. కాబట్టి హక్కు ఎవరిది, ఎక్కడెక్కడ వాడుకోవచ్చు, ఎన్నాళ్లు అనేది పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. సగం డబ్బు ముందే తీసుకోవాలి.

చిన్న వ్యాపారాలకి 2020 జూలై నుంచి ఉన్న 'ఉద్యమ్' నమోదుకి ఫీజు లేదు. 2015లో మొదలైన ముద్ర పథకంలో 'శిశు' కింద 50 వేల రూపాయల వరకూ, 'కిశోర్' కింద 5 లక్షల వరకూ అప్పు దొరుకుతుంది. సేవలు మాత్రమే అందించేవాళ్లకి ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకూ మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు.

యంత్రం గీసిన పెసరట్టు

"ఇప్పుడు కంప్యూటరే బొమ్మలు గీసేస్తోందిగా, ఇంక మీ పనేముంటుంది?" అని అడిగేవాళ్లున్నారు. ఒకసారి మా తోడికోడలు ఉప్మా పెసరట్టు అని టైపు చేసి చూపించింది. ఆకుపచ్చ దోసె మీద ఏదో కేకు పొడి చల్లినట్టుంది! మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "దీన్నెవరు తింటారే?" అన్నారు. ముందుముందు ఆ యంత్రమూ మెరుగుపడొచ్చు. అయితే అది గీసిన పెసరట్టు ఏ హోటల్ పెనం మీదా కాలింది కాదు. ఇంటికి భోజనం తెచ్చిపెట్టే జొమాటో సంస్థ 2024 ఆగస్టులో, యంత్రం గీసిన వంటకాల బొమ్మల్ని హోటళ్ల మెనూల్లోంచి తీసేస్తామని ప్రకటించింది. బొమ్మకీ, వచ్చిన భోజనానికీ పొంతన లేకపోతే నమ్మకం పోతుందనేగా!

ఏ వంటకం ఎలా ఉండాలో ఇన్నేళ్లు వండి వడ్డించిన మన కళ్లకి తెలుసు. స్టూడియోలో మేం అమ్ముతున్నది ఆ చూపునే. మీలో ఎవరైనా ఈ పనిలోకి వద్దామనుకుంటే కెమెరా మెల్లగా కొనుక్కోవచ్చు. ముందు ఓ నోటుబుక్కు కొనండి. బజారుకి పట్టిన సమయం, తరుగుడుకి పట్టిన సమయం, వంటకి, గిన్నెలు తోమడానికి పట్టిన సమయం... అన్నీ అందులో రాయండి. ఎవరైనా "ఇంట్లో చేసేదేగా" అంటే వాదించకండి. ఆ పేజీ తీసి వాళ్ల ముందు పెట్టండి.