ఎత్తు పెంచే పొడి.. కొనేముందు ఒక్క నిమిషం!

తెలంగాణలో కానిస్టేబుల్‌ ఉద్యోగానికి పురుషులకు సాధారణంగా ఉండాల్సిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు. మీరేమో 166 దగ్గర ఆగిపోయారు. రాత్రి ఫోన్‌ తీసి ‘22 ఏళ్ల వయసులో ఎత్తు పెరగడం ఎలా’ అని వెతికారు. ఇక చూస్కోండి.. పొడులు, మాత్రలు, వాడకముందు-వాడాక ఫొటోలు వరసకడతాయి.

అసలు చిక్కు మీ ప్రశ్నలోనే ఉంది. ‘ఎలా పెరగాలి’ అంటే, పెంచుతామనేవాళ్లే ముందుకొస్తారు. ‘22 ఏళ్ల తర్వాత ఎముకలు పొడవు పెరుగుతాయా’ అని అడిగి చూడండి, జవాబు మారిపోతుంది. ఎముకల చివర్లలో ఉండే గ్రోత్‌ ప్లేట్లు మామూలుగా టీనేజ్‌ ముగిసేసరికి మూసుకుపోతాయి. ఏ పొడి తాగినా అవి మళ్లీ తెరుచుకోవు.

‘మరి రెండు వారాల్లో సెంటీమీటరు పెరిగానని రివ్యూ రాశారుగా?’ అంటారా! రాసినవాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు కూడా. పగలంతా నిలబడి, కూర్చుని ఉండటంతో వెన్నెముక డిస్కులు నొక్కుకుపోయి, సాయంత్రానికి మనిషి దాదాపు సెంటీమీటరు తగ్గుతాడు. పడుకుని లేస్తే మళ్లీ మామూలే. మొదటిసారి సాయంత్రం, రెండోసారి పొద్దున కొలుచుకుంటే చాలు.. పొడి పనిచేసినట్టే!

పేజీ అడుగున 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి నమ్మేసేవాళ్లూ ఉన్నారు. అది ఆహార పదార్థాలు తయారుచేయడానికో, అమ్మడానికో ఇచ్చే లైసెన్సు. ఎత్తు పెరుగుతారని ఇచ్చిన హామీ కాదు. ఆ మాటకొస్తే, మందుతో ఎత్తు పెంచుతామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్‌ అండ్‌ మ్యాజిక్‌ రెమెడీస్‌ చట్టం నిషేధించింది. క్యాన్సర్, మధుమేహంతో పాటు ఎత్తు కూడా ఆ జాబితాలో ఉంది.

వెబ్‌సైట్లు తయారుచేసినవాడిగా ఒకటి చెప్తా. ‘నిన్ననే అప్‌డేట్‌ చేశాం’ అని తేదీ మార్చడం ఒక్క లైను కోడ్‌ పని. ‘డాక్టర్ల ఆమోదం’ అనే ముద్ర కూడా ఎవరైనా అతికించుకోగల బొమ్మే. అందుకే ఆ పేజీలోనే కూర్చుని దాన్ని తూచకండి. ఇంకో ట్యాబ్‌ తెరిచి, మెడ్‌లైన్‌ప్లస్‌ లాంటి చోట అదే విషయం వెతకండి. దాన్ని నడిపేది అమెరికా నేషనల్‌ లైబ్రరీ ఆఫ్‌ మెడిసిన్‌. అక్కడ ప్రకటనలుండవు, మీకు అమ్మేదీ ఏమీ ఉండదు.

ముందైతే చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి ఇంట్లోవాళ్లచేత మళ్లీ కొలిపించుకోండి. నిజంగానే 166 అని తేలితే, ఫారెస్ట్‌ బీట్‌ ఆఫీసర్‌ పోస్టు సంగతి చూడండి. దానికి పురుషులకు 163 సెంటీమీటర్లు చాలు. పాత నోటిఫికేషన్‌లోని సిలబస్‌తో ఇప్పుడే చదవడం మొదలుపెట్టొచ్చు.